విలీనానికి ముందు చెరువు లెక్క, మురుగు లెక్క: ఒక డెల్టా పట్టణం కేస్ స్టడీ

గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక పురపాలక సంఘం తన చుట్టూ ఉన్న మూడు పంచాయతీలను కలుపుకోవాలనుకుంది. కౌన్సిల్ అజెండాలో ఆ అంశానికి దక్కింది రెండు వాక్యాలే. ఆ గ్రామాలు ఇప్పటికే పట్టణంతో కలిసిపోయి ఉన్నాయి కనుక, అభివృద్ధి దృష్ట్యా ప్రభుత్వానికి ప్రతిపాదన పంపవచ్చునని దాని సారాంశం. పంపేముందు నీరు, మురుగు, కరెంటు సామర్థ్యం మీద ఒక నివేదిక జతచేయాలని కమిషనర్ గారు పట్టుబట్టడంతో ఆ పని నా చేతికి వచ్చింది. వ్యవహారం ఇంకా నడుస్తోంది కాబట్టి ఊళ్ల పేర్లు రాయడం లేదు. పట్టణం అంకెలు కూడా పక్కన పెట్టి, పదివేల మందికి ఎంత, వంద ఎకరాలకు ఎంత అన్న పద్ధతిలో లెక్కలు ఇస్తున్నాను. పక్క పట్టణం వాళ్లు తమ జనాభాతో హెచ్చవేసుకుంటే సరిపోతుంది.

విలీనాలు డెల్టాకు కొత్త కాదు, గొడవలూ కొత్త కాదు. 2021 మార్చిలో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు భీమవరం, పాలకొల్లు, తణుకు లాంటి చోట్ల జరగకపోవడానికి ఈ విలీన వివాదాలే కారణం. పాలకవర్గం లేకుండా ప్రత్యేకాధికారి చేతిలో ఏళ్లు గడిపిన పట్టణాలను చూసి కూడా మన కౌన్సిళ్లు ఈ విషయాన్ని రెండు వాక్యాల్లో తేల్చేయాలనుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఎందుకు కలుపుకోవాలనుకున్నారు

పైకి చెప్పిన కారణం అభివృద్ధి. లోపల మూడు కారణాలు కనిపించాయి. మొదటిది జనాభా. పట్టణాల నీరు, మురుగు పనులకు కేంద్రం నిధులిచ్చే అమృత్ పథకం 2015లో మొదలైనప్పుడు ప్రధానంగా లక్ష దాటిన పట్టణాలనే తీసుకుంది. 2021లో వచ్చిన రెండో అమృత్ ఆ గీత చెరిపేసి అన్ని పట్టణాలకూ తలుపు తెరిచినా, లక్ష దాటితే నిధులు వాటంతట అవే వస్తాయన్న నమ్మకం కౌన్సిలర్ల మనసుల్లోంచి పోలేదు. రెండోది పడమటి పంచాయతీలో వరసగా లేచిన లేఅవుట్లు, వాటి మీద వచ్చే పన్ను.

మూడోదే అసలు ఒత్తిడి. 2020 డిసెంబరు 25న రాష్ట్రవ్యాప్తంగా ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. అప్పుడు పట్టణంలో లబ్ధిదారుకు ఒక సెంటు, గ్రామంలో సెంటున్నర ఇచ్చారు. ఈ పట్టణంలో ఖాళీ భూమి లేదు. పట్టణం లబ్ధిదారులకు పడమటి పంచాయతీ చేలల్లో స్థలాలిచ్చారు. అంటే ఓటు పట్టణంలో, ఇల్లు పంచాయతీలో. కుళాయి ఎవరు వేయాలి? పంచాయతీ తన జనం కాదంటుంది, పురపాలక సంఘం తన హద్దు కాదంటుంది. కాలనీ మహిళలు బిందెలతో రెండు కార్యాలయాల మధ్య తిరిగారు. ఆ చిక్కును విప్పడానికి ఊరు మొత్తాన్ని కలిపేయడమే దగ్గర దారి అని కౌన్సిల్‌కు తోచింది.

పంచాయతీలు మూడూ ఒక తీరువి కావు. ఎగువ పంచాయతీ పంట కాలువ వెంబడి మెరక మీద ఉంది, తోటలు ఎక్కువ, జనం తక్కువ. పడమటిది పల్లం, అంతా సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి పండే చేలు, ఇప్పుడు లేఅవుట్ల సరిహద్దు రాళ్లు. దిగువ పంచాయతీ మురుగు కాలువ ఒడ్డున ఉంది, సగం చేపల, రొయ్యల చెరువులు. కౌన్సిల్‌కు మోజు పడమటి దాని మీద. మిగతా రెంటినీ ప్రతిపాదనలో పెట్టింది జనాభా అంకె కోసమే అనిపించింది.

చెరువు లెక్క

డెల్టా బయటివారికి ఇది ఒక పట్టాన అర్థం కాదు. చుట్టూ కాలువలు పారుతుంటే నీటికి కొరతేమిటి అంటారు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ ప్రాంతం నీరు కాలువ క్యాలెండర్ మీద నడుస్తోంది. దాళ్వా కోతలు ముగిశాక, ఏప్రిల్‌లో, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అంటే నీరు ఆపేస్తారు. తిరిగి వదిలేది జూన్‌లో. ఆ మధ్యకాలం మొత్తం పట్టణం బతికేది ముందే నింపి పెట్టుకున్న మంచినీటి చెరువు మీద. సముద్రం వైపు మండలాల్లో బోరు వేస్తే ఉప్పునీరు, కనుక రెండో దారి లేదు. పట్టణం ఎంతమందిని మోయగలదో చెప్పేది కాలువ ప్రవాహం కాదు, కాలువ ఆగిన రోజులకు చెరువులో ఉన్న నిల్వ.

పదివేల మంది కొత్తగా పరిధిలోకి వచ్చారనుకుందాం. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న, లేదా తలపెట్టిన పట్టణాలకు కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ (సీపీహెచ్‌ఈఈఓ) ప్రమాణం తలసరి రోజుకు 135 లీటర్లు. అంటే 13.5 లక్షల లీటర్లు. గొట్టాల్లో 15 శాతం పోతుందనుకుంటే చెరువు దగ్గర తీయాల్సింది సుమారు 16 లక్షలు. కాలువ కట్టేసే కాలం 60 రోజులని పెట్టుకుంటే 9.6 కోట్ల లీటర్లు. నాలుగు మీటర్ల లోతు చెరువులో అడుగు అర మీటరు బురదకు వదిలేయాలి. వేసవిలో రోజుకు ఏడు మిల్లీమీటర్ల చొప్పున ఆవిరైతే 60 రోజుల్లో 42 సెంటీమీటర్లు పోతుంది. నేలలోకి ఇంకి మరో 30 సెంటీమీటర్లు పోతుందనుకుందాం. చేతికి దక్కేది 2.8 మీటర్లు. భాగించి చూస్తే నీరు పరుచుకునే వైశాల్యమే ఎనిమిదిన్నర ఎకరాలు. గట్లు, దారి, ఫిల్టర్ బెడ్లు కలిపితే పదెకరాలు దాటుతుంది.

పదివేల మందికి పదెకరాల చెరువు. నివేదికలో నేను పెద్ద అక్షరాల్లో రాసింది ఈ ఒక్క వాక్యమే.

ఒక కౌన్సిలర్ గారు 135 ఎందుకు, 70 పెట్టండి అన్నారు. భూగర్భ మురుగు లేని పట్టణాలకు 70 లీటర్ల ప్రమాణం నిజంగానే ఉంది. కానీ అదే కౌన్సిల్ అదే సమావేశంలో ఐదంతస్తుల అపార్టుమెంట్లను ప్రోత్సహించాలని మరో తీర్మానం చేయబోతోంది. మేడ మీద ప్రతి వాటాలో రెండు మరుగుదొడ్లు పెట్టి 70 లీటర్లు ఇస్తామంటే, మిగతాది జనం మోటారు బిగించి కుళాయి నుంచి లాగుతారు. చివరి వీధికి చుక్క రాదు. తాగడానికి ఎలాగూ ఇరవై లీటర్ల టిన్నులు కొంటున్నారు కదా అన్న వాదన కూడా వచ్చింది. దానికి జవాబు చెప్పడం నా పని కాదనుకున్నాను.

చెరువు తవ్వితే సరిపోదు, నింపాలి. నింపాల్సిన మార్చి నెలలోనే దాళ్వా వరికి ఆఖరి తడులు. గోదావరిలో నీరు తక్కువైన ఏడాది ఎగువన సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడి, కాలువలకు వంతులవారీగా ఇస్తారు. మన వంతు రోజుల్లోనే పంపులు చెరువుకు సరిపడా ఎత్తిపోయాలి. కాలువ నుంచి నీరు తోడే ఇన్‌టేక్ పంపుల సామర్థ్యం వంతులు లేని రోజుల లెక్కకు పెట్టింది. చెరువు పెద్దది చేసి పంపులు అలాగే ఉంచితే, కాగితం మీద నిండిన చెరువు ఏప్రిల్‌లో ముప్పావు వంతే కనిపిస్తుంది. లాకుల దగ్గర పనిచేసి విరమించిన ఒక పెద్దాయన ఈ సంగతి నాకంటే ముందే కమిషనర్ గారికి చెప్పి ఉన్నారు. ఆయన మాట ఫైలులో ఎక్కడా లేదు.

ఇంకో ముడి ఉంది. ఎగువ పంచాయతీలో ఉన్న గ్రామీణ మంచినీటి చెరువు ఆ ఊరిది ఒక్కదానిదే కాదు. అది సామూహిక రక్షిత మంచినీటి పథకం చెరువు, మరికొన్ని ఊళ్లకు అక్కడి నుంచే గొట్టాలు వెళ్తాయి. ఊరు పట్టణంలో కలిస్తే గ్రామీణ నీటి సరఫరా విభాగం చేతిలోంచి చెరువు పురపాలక సంఘానికి వస్తుందా? వస్తే మిగతా ఊళ్లు ఎవరిని అడగాలి? ప్రతిపాదన రాసినవారు ఆ చెరువును పట్టణం ఆస్తిగా కూడేసుకున్నారు. నేను తీసేశాను.

మురుగు లెక్క

పడమటి పల్లం సంగతికి వస్తే, అక్కడి చేను పంట పొలం మాత్రమే కాదు, వాన పడ్డ రోజు నీరు ఆగే చోటు కూడా. గట్ల మధ్య అర అడుగు నీరు నిలిచిందంటే వంద ఎకరాలు ఆరు కోట్ల లీటర్లను పట్టి ఉంచాయన్నమాట. ఆ నీరు బోదెల (పొలం పిల్ల కాలువల) గుండా రెండు మూడు రోజులు నింపాదిగా మురుగు కోడులోకి, అంటే చిన్న మురుగు కాలువలోకి, దిగుతుంది.

అదే వంద ఎకరాలకు మెట్ట నుంచి ఎర్రమట్టి తోలించి మెరక చేసి, సిమెంటు రోడ్లు, డాబాలు కట్టారనుకోండి. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో 70 శాతం ఆ గంటలోనే బయటికి ఉరుకుతుంది. లెక్క కడితే సుమారు 140 క్యూసెక్కులు. అదే వాన చేల మీద పడితే ఆ గంటలో కోడులోకి దిగేది దాదాపు సున్నా. మూడు రోజుల్లో 100 మిల్లీమీటర్లు దిగినా సగటు ఐదారు క్యూసెక్కులే. ఆ కోడును తవ్వింది ఐదారు కోసం. దాని మీద రోడ్డు దాటే చోట వేసిన తూములు ఇంకా చిన్నవి.

పోనీ, కోడు వెడల్పు చేద్దామంటే అది పురపాలక సంఘానిది కాదు, జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగానిది. అది పోయి కలిసే పెద్ద మురుగు కాలువ ఇంకా చిక్కు. యనమదుర్రు కానివ్వండి, కోనసీమ కౌశిక కానివ్వండి, డెల్టా మురుగు కాలువలన్నిటికీ వాలు మహా తక్కువ. సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తంతుంది. తుపాను రోజున వాన, పోటు రెండూ కలిసే వస్తాయి. 1960ల్లో మిత్ర కమిటీ ఈ మురుగు కాలువల గురించే కూర్చుంది, 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల రైతుల మీద డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. మురుగు బాగుకోసం రైతు అప్పుడే డబ్బు కట్టాడు. చేను లేఅవుట్ చేసి అమ్ముకున్నవారు ఆ కోడు కోసం ఏమి కట్టారని అడిగితే సభలో ఎవరూ మాట్లాడలేదు.

ఇది వాన నీటి సంగతి. ఇళ్ల మురుగు వేరే ఉంది. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ప్రమాణం. పదివేల మందికి రోజుకు దాదాపు 11 లక్షల లీటర్లు. సెప్టిక్ ట్యాంకు కట్టి పక్కన ఇంకుడు గుంత తవ్వుతామంటే, వానాకాలంలో ఇక్కడ గజం లోతుకే నీరు ఊరుతుంది. ఇంకే చోటు లేదు. ట్యాంకు నీరు నేరుగా వీధి కాలవలోకి, అక్కడి నుంచి కోడులోకి, కోడు నుంచి దిగువ పంచాయతీ రొయ్యల చెరువులోకి. దిగువ సర్పంచ్ గారు కౌన్సిల్ సమావేశానికి వచ్చి నిలబడే అడిగారు: “మీ ఊరు పెరిగిన ప్రతిసారీ మా కోడు మీ మురుగు మోస్తోందండి. కలుపుకుంటేనే దాన్ని బాగుచేస్తారా? కలవకపోతే మానేస్తారా?” నా నివేదికలోని పేజీలన్నిటికంటే ఆ ప్రశ్నే ఎక్కువ పని చేసింది.

కరెంటు మీద ఎక్కువ చెప్పేది లేదు. పడమటి లేఅవుట్లకూ దిగువ రొయ్యల చెరువులకూ ఒకే సబ్‌స్టేషన్. చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరిగేది రాత్రి, ఇళ్లలో ఏసీలు తిరిగేదీ రాత్రే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ డబ్బుతో తేలే పని, చెరువులా భూమి అడగదు, కోడులా వాలు అడగదు.

ఒకే ఎకరం, మూడు రకాల జనం

ఎకరానికి 4,840 గజాలు. 40 అడుగుల రోడ్లు, పదోవంతు ఖాళీ స్థలం పోగా అమ్మకానికి మిగిలేది ఇంచుమించు 2,700. రెండు వందల గజాల ప్లాట్లయితే పదమూడు. అన్నీ కడితే యాభై మంది. కానీ కట్టరు. కొన్నవారిలో సగానికి పైగా హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, పిల్ల పెళ్లికి అమ్ముకుందామని కొంటారు. మూడో వంతు కడితే ఎకరానికి నాలుగిళ్లు. ఎకరానికి రోడ్డు సుమారు వంద మీటర్లు ఉంటుంది, అంత పొడవునా గొట్టం, కాలవ, దీపాలు వేయాలి. నాలుగిళ్ల కోసం వంద మీటర్ల గొట్టం! పక్కనే సెంటు స్థలాల కాలనీలో అదే ఎకరంలో యాభైకి పైగా ఇళ్లు, రెండు వందల మంది. వాళ్లకు అదే వంద మీటర్ల గొట్టం చాలు, కానీ మురుగు మాత్రం ఎక్కడికక్కడ నిలిచిపోతుంది.

పట్టణం నడిబొడ్డున పాత పెంకుటిళ్ల వీధులున్నాయి. వెనక పెద్ద పెరడు, కొబ్బరి చెట్లు, వారసుల వాటాలు తేలక మూతబడ్డ ఇళ్లు. అక్కడ ఐదు వందల గజాల్లో నాలుగంతస్తులు లేస్తే ఎనిమిది కుటుంబాలు కొత్తగా గొట్టం వేయకుండానే వస్తాయి. అందుకే బయటికి విస్తరించే ముందు లోపల సాంద్రత పెంచమన్నాను. కానీ అన్ని వీధుల్లో కాదు. పాత వీధుల గొట్టాలు సన్ననివి, అపార్టుమెంటు సంపు నిండేలోపు ఎదురింటి కుళాయి ఎండుతుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఇళ్ల గడపలు రోడ్డుకంటే దిగువకు పోయిన వీధుల్లో ఇంకా మేడలు కట్టనిస్తే, వాన వచ్చినప్పుడు మునిగేది పాత ఇళ్లవారే. గొట్టం మార్చిన, మురుగుకు దారి ఉన్న వీధుల పటం ఒకటి గీసి, పెంపు ముందు అక్కడే అనుమతించమని సూచించాను. ఆ పటం మీద టౌన్ ప్లానింగ్ వారికీ ఇంజనీరింగ్ వారికీ మొదటిసారి ఒకే బల్ల దగ్గర మాట కలిసింది. ఇన్నాళ్లూ ఒకరు ప్లాను ఇచ్చేవారు, మరొకరు కుళాయి ఇచ్చేవారు, మధ్యలో గోడ.

సభలో జరిగింది

“ముందు కలిపేద్దామండి. చెరువు తర్వాత తవ్వుకోవచ్చు” అని ఒక సీనియర్ కౌన్సిలర్ గారు మొదలుపెట్టారు. చైర్‌పర్సన్ గారు రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. “కలిపాక అక్కడ ఎకరాల్లో భూమి మిగులుతుందా అన్నగారూ? గజాల్లో అమ్మిన భూమిని మనం ఎకరాల్లో కొనగలమా?” అన్నారు. విలీనం వార్త పొక్కితేనే ధర లేస్తుందని అందరికీ తెలుసు. చెరువుకు భూమి ముందు సంపాదించాలన్న మాట అక్కడ నిలబడింది.

గ్రామాల వైపు భయాలు వేరు. ఉపాధి హామీ పని పట్టణ పరిధిలో ఉండదు. ఎగువ ఊరి కూలీలు ఈ ఒక్క మాట మీదే గ్రామసభలో చేతులెత్తి వద్దన్నారు. పన్ను సంగతి కూడా: 2021 నుంచి పట్టణాల్లో ఇంటి పన్ను ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య. రోడ్డు పక్కన పడితే తాతల నాటి ఇంటికి కూడా స్థలం విలువ పెరిగిపోతుందని వాళ్ల లెక్క. అది తప్పు లెక్క కాదు. పురపాలక సంఘం తరఫున వెళ్లినవారు “అభివృద్ధి జరుగుతుంది” అన్న ఒక్క మాటే చెబుతూ కూర్చుంటే గ్రామసభలో ఎవరు వింటారు?

నేను పెట్టిన ప్రతిపాదన కౌన్సిల్ కొంత తీసుకుంది, కొంత వదిలింది. హద్దును రెవెన్యూ గ్రామం గీత మీద కాకుండా ఏ నీరు ఏ కోడులోకి పోతుందో ఆ గీత మీద గీయాలన్నది నా వాదన. ఒకే కోడులోకి మురుగు దించే చోట్లన్నీ ఒకే యాజమాన్యం కింద ఉంటే తూము ఎవరు వెడల్పు చేయాలన్న తగవు ఉండదు. దాన్ని ఒప్పుకోలేదు. గ్రామాన్ని ముక్కలు చేస్తే సర్వే నంబర్ల నుంచి వార్డుల విభజన దాకా పని పెరుగుతుందని రెవెన్యూ వారు అన్నారు. పరిపాలనా సౌలభ్యం నిజమే. కానీ వాన రెవెన్యూ గ్రామాన్ని చూసి కురవదని నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

తీసుకున్నది ఇది. ఎగువ పంచాయతీని ప్రస్తుతానికి వదిలేసి, దాని సరిహద్దులో చెరువుకు భూమి కొనుగోలు ముందు చేపట్టాలి. దిగువ పంచాయతీని ప్రతిపాదన నుంచి తొలగించారు. పడమటి పంచాయతీ విలీనానికి తీర్మానం చేశారు కానీ షరతుతో: చెరువు నిల్వ పెరిగి, కోడు మీద తూములు వెడల్పయ్యాకే కొత్త లేఅవుట్లకు నీటి కనెక్షన్ల హామీ. అనధికార లేఅవుట్ల క్రమబద్ధీకరణలో ఖాళీ స్థలం లోటుకు వసూలు చేసే రుసుమును సాధారణ నిధిలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాంతం మురుగుకే ఖర్చు చేయాలని కూడా రాయించాను. కాలనీకి మాత్రం విలీనంతో పని లేకుండా పురపాలక సంఘమే పంచాయతీకి టోకున నీరు అమ్మేలా ఒప్పందం. బిందెల సమస్యకు ఊరినంతా కలపాల్సిన అవసరం లేదని అప్పటికి అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత

కాలనీకి నీరు వెళ్తోంది, రోజు విడిచి రోజు. పడమటి లేఅవుట్ల యజమానులు కొందరు కనెక్షన్ల షరతు మీద కోర్టుకు వెళ్లారు. చెరువు భూమి రైతులు గజం ధర అడుగుతున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. తూముల అంచనాలు డ్రైనేజీ విభాగం దగ్గర ఉన్నాయి. పాత వీధుల పటం మాత్రం వాడుకలోకి వచ్చింది, ఆ వీధుల్లో ప్లాన్లు త్వరగా వస్తున్నాయి.

టోకు నీటి ఒప్పందంలో ఒక నిబంధన ఇంకా తేలలేదు. కాలువ కట్టేసిన రోజుల్లో చెరువు మట్టం అనుకున్నదానికంటే పడిపోతే ముందుగా ఎవరి వాటా కోయాలి? పట్టణం ముందు కాలనీకి కోయమంటోంది. పంచాయతీ ఇద్దరికీ సమంగా కోయమంటోంది. తలసరి లెక్కన, 135 అయినా 100 అయినా అందరికీ ఒకే అంకె వచ్చేలా కోత రాసి ఇచ్చాను. వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో అది పదకొండో అంశం.